బానెట్టు కింది గది

మా అరసవల్లిలో వాహనయోగం ఉన్నవాళ్ళలో మొదటివాడు సూర్యనారాయణస్వామి. ఆయన రథానికి ఏడు గుర్రాలు. తోలేవాడు అనూరుడు, అంటే తొడలు లేనివాడు. క్లచ్చూ బ్రేకూ తొక్కే సదుపాయం లేదన్నమాట. అయినా ఆ బండి ఒక్కనాడూ ఆలస్యం కాలేదు. దానికి ఇంజను మార్పిద్దామన్న ఆలోచన స్వామికి వచ్చినట్టు ఏ పురాణంలోనూ లేదు. వచ్చింది మా నాన్నకి.

నాన్న టాక్సీ తోలేవాడు. 1977 నాటి మార్క్ త్రీ అంబాసడరు. ఒకరు వాడి అమ్మితే కొన్నాడు. ఆముదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషను బయట నిలబడి, రైలు దిగిన యాత్రికుల్ని గుడికి తెచ్చేవాడు. ఆదివారాలూ, రథసప్తమీ మాకు పంట ఇంటికొచ్చే రోజులు. ఆ బండి తాగిన పెట్రోలు పోగా మిగిలినదే మా ఇంట్లో అన్నం, పుస్తకం, చివరికి నా ఎమ్మే చదువూను.

బేరాలన్నింటిలోకీ కష్టమైనది సాలూరు ఘాటు. కొరాపుట్టు, సునాబేడ వైపునించి దర్శనానికి వచ్చినవాళ్ళని ఒక్కొక్కప్పుడు ఇంటిదాకా దింపి రావలసి వచ్చేది. సాలూరు దాటేక కొండ మొదలవుతుంది. మా ఇంజను 1489 సి.సి. కొత్తలోనే దాని బలం యాభై చిల్లర అశ్వశక్తి. ఆ చిల్లర కాస్తా మా చేతికి రాకముందే ఎక్కడో ఖర్చయిపోయింది. నలుగురు మనుషుల్నీ, డిక్కీ నిండా సామాన్లనీ వేసుకుని రెండో గేరులో మూలుగుతూ ఎక్కేది. సగం కొండకి రేడియేటరు కుతకుత ఉడికిపోయేది. ఎండాకాలమైతే మరీను. పెట్రోలు పంపులోనే ఆవిరైపోయి బండి నడిదారిలో ఆగిపోయేది. నాన్న పంపు మీద తడిగుడ్డ కప్పేవాడు, జ్వరం వచ్చిన పిల్లాడి నుదుట వేసినట్టు. సెలవుల్లో వెంట వెళ్ళినప్పుడు వెనక చక్రానికి రాయి పెట్టడం నా ఉద్యోగం.

సునాబేడలో 1964లో పెట్టిన మిగ్ విమానాల ఇంజన్ల కర్మాగారం ఉంది. ఒకసారి అక్కడి ఇంజనీరొకాయన మా బండి దిగి, చొక్కా చేతులు మడిచి, నాతోపాటు రాయి మోశాడు. "మా ఇంజన్లకి ఈ రాళ్ళక్కర్లేదు బాబూ" అన్నాడు రొప్పుతూ. అందరూ నవ్వేరు. నాన్న నవ్వలేదు. కొండమీద ఒక కల్వర్టు పక్కన సన్నని ఊట ఉండేది. ఎక్కిన ప్రతిసారీ అక్కడ ఆగి, డబ్బాతో నీళ్ళు పట్టి బండికి తాగించేవాడు. ఈలోగా వెనకబడ్డ లారీలన్నీ హారను కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయేవి.

2009 నాటికి నాన్నకి డెబ్భై నిండేయి. టాక్సీ పర్మిట్టు వదులుకుని బండిని సొంతానికి మార్పించుకున్నాడు. ఆ ఏడు వేసవిలో కంటి డాక్టరు, ఏడాది దాటితే స్టీరింగు ముట్టుకోవద్దని ఖండితంగా చెప్పేడు. ఇంటికొచ్చిన నాన్న భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, "ఒరే, బండికి పెద్దింజను వేయిస్తాను. ఒక్కసారి సాలూరు ఘాటు ఆగకుండా ఎక్కాలి" అన్నాడు.

నా దగ్గర ముప్ఫయి అయిదు వేలున్నాయి. మిద్దెమీద చిన్న గది వేసుకుందామని మా ఆవిడా నేనూ కూడబెట్టినవి.

నిజం చెప్పాలంటే నాన్న కోరిక మరీ వెర్రిది కాదు. కంపెనీ తానే ఆ పని చేసింది. 1984లో కాంటెస్సా అనే పెద్దకారు తెచ్చి, దానికీ అంబాసడరు గుండెకాయే పెట్టింది. అంత ఒళ్ళుని ఆ గుండె మొయ్యలేకపోయింది. కొన్నేళ్ళకి జపాను వారి ఇసుజు ఇంజను, 1817 సి.సి.ది, తెచ్చి పెట్టేక కారు లేచి పరుగెత్తింది. 1990ల మొదట్లో ఆ ఇసుజునే అంబాసడరులోనూ పెట్టి అమ్మేరు. అంచేత ఆ ఇంజను మా బండిలో కూచుంటుందా అన్న అనుమానం లేదు. పాత కాంటెస్సాలు అప్పటికే తుక్కుకి వెళ్ళిపోతున్నాయి.

విశాఖపట్నం తుక్కుకొట్లలో మూడు రోజులు తిరిగేం. ఒకచోట పద్ధెనిమిది వేలకే ఇస్తానన్నాడు. కాగితాలు లేవు. నేను ఆశపడ్డాను. నాన్న ఇంజను మీది నంబరు దగ్గర వేలితో తడిమి, "ఇది ఎవరి ఇంట్లోంచి వచ్చిందో" అని బయటికి నడిచేడు. చివరికి రిజిస్ట్రేషను రద్దయిన కాంటెస్సాది, బిల్లుతో సహా, గేరుబాక్సుతో కలిపి ఇరవై ఎనిమిది వేలకి దొరికింది. ఇంకా ఏడువేలు మిగిలేయని రైల్లో లెక్కవేసుకుని సంతోషించేను.

మర్నాడు మేస్త్రీ ఆ లెక్క విని జాలిపడ్డాడు. "ఇంజను మారిస్తే అయిపోద్దనుకున్నారేటి మేష్టారూ? పెళ్ళికూతురొక్కర్తీ వస్తాదేటి, సుట్టాలు రారూ?"

చుట్టాలు వరసగా దిగేరు. ఇంజను కూచునే పీటలు మార్చాలి. గేరుబాక్సు పొడుగు వేరు కాబట్టి ప్రొపెల్లరు షాఫ్టు కోసి, అతికించి, వణకకుండా బాలెన్సు చేయించాలి. రేడియేటరు పెద్దది కావాలి. సైలెన్సరు గొట్టం వంపు మారాలి. వీటిలో దేనికీ నాన్న మొహం మారలేదు. మారింది గేరు కడ్డీ దగ్గర. పాతదానికి నాలుగు గేర్లు, కడ్డీ స్టీరింగు కింద ఉండేది. కొత్తదానికి అయిదు, కడ్డీ నేలలోంచి లేస్తుంది. అంటే బండి నేలకి కన్నం వెయ్యాలి. ముందు సీటు బల్లలా ఒకటే కదా, చిన్నప్పుడు నాన్నకీ, పక్కనున్న యాత్రికుడికీ మధ్య నేను కూచునేవాణ్ణి. సరిగ్గా అక్కడే మేస్త్రీ సుద్దముక్కతో గుండ్రంగా గీత గీసేడు. నాన్న కాసేపు ఆ గీతకేసి చూసి, "నీ చోటు పోయిందిరా" అన్నాడు. తరవాత తలూపేడు.

ఆఖరి చుట్టం బ్రేకులు. పాతబండికి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. "ఎక్కడం సరే మావయ్యా, దిగినప్పుడో?" అన్నాడు మేస్త్రీ. తరవాతి అంబాసడర్లలో వచ్చిన డిస్కు బ్రేకులు ముందు చక్రాలకి వెయ్యాలిట. నా డబ్బు అప్పటికే ఖర్చయింది. అవి తరవాత చూద్దామన్నాను. ఆ మాట అన్నందుకు నాకిప్పటికీ సిగ్గే. నాన్న నా మాటకి ఎదురు చెప్పలేదు. ఒక్క పైసా అడగలేదు. మర్నాడు మా ఆవిడ చీటీ పాడేసి, డబ్బు తెచ్చి బల్లమీద పెట్టింది. "మిద్దెమీద గది బానెట్టు కిందికి దిగింది. ఇంక మనుషులైనా పైకి పోకుండా చూడండి" అంది. మొత్తం అరవై ఒక్క వేలయింది.

పని మొదలుపెట్టకముందే అనుమతికి దరఖాస్తు పెట్టేం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇలాంటి మార్పుకి ముందే అనుమతి కావాలి, కొత్త ఇంజను నంబరు ఆర్.సి.లో ఎక్కాలి, ఇన్సూరెన్సు వాళ్ళకీ తెలియాలి. తయారుచేసిన వాళ్ళ లెక్కకి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ తిరిగి, బానెట్టు ఎత్తి, దింపి, "ఈ వయసులో పెద్దింజను ఎందుకండీ?" అన్నాడు. "వయసు ఇంజనుకి అయిందండి, నాక్కాదు" అన్నాడు నాన్న.

కార్తీకం వెళ్ళిన తరవాత ఒక సోమవారం పొద్దున్నే స్వామికి కొబ్బరికాయ కొట్టి బయలుదేరేం. వెనక మా అమ్మా, మా ఆవిడా. చిలకపాలెం దగ్గర తిరిగి రాజాం, రామభద్రపురం మీదుగా సాలూరు. సాలూరు చేరేదాకా నాన్న ఎడమచెయ్యి ఎన్నిసార్లు స్టీరింగు కిందికి వెళ్ళి గాలిని పట్టుకుందో లెక్కలేదు. ప్రతిసారీ ఆ చెయ్యి కొంచెం తడబడి, కిందికి దిగి కొత్త కడ్డీని వెతుక్కునేది. నేను కిటికీకేసి చూస్తూ కూచున్నాను.

కొండ మొదలైంది. మూడో గేరు. బండి మూలగలేదు. మొదటి మలుపు, రెండో మలుపు. ఇనప సామాను లారీనొకదాన్ని దాటేం. వెనకనించి అమ్మ చప్పట్లు కొట్టింది. వేడి చూపే ముల్లు మధ్యలోంచి కదల్లేదు. నాన్న ఏమీ అనలేదు. పెదవులు బిగించి రోడ్డుకేసి చూస్తున్నాడు. ఇంక పైదాకా ఆగే పనిలేదని నేను అనుకుంటూండగా, బండి నెమ్మదించి ఎడమపక్కకి ఒదిగింది. అదే కల్వర్టు.

"ఏం నాన్నా? వేడెక్కలేదే?" అన్నాను.

ఆయన మాట్లాడకుండా దిగి, డిక్కీలోంచి పాత డబ్బా తీసేడు. దాన్ని ఎప్పుడు పెట్టుకున్నాడో మాకెవరికీ తెలియదు. ఊట దగ్గరికి వెళ్ళి నీళ్ళు పట్టుకొచ్చి, బానెట్టు ఎత్తి, రేడియేటరు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. తరవాత బానెట్టు దింపి, ఆ నీళ్ళు తనే తాగేడు. సగం తాగి డబ్బా నా చేతికిచ్చేడు.

"రాయి పెట్టలేదేంరా?" అన్నాడు.

నేను గబగబా దిగి రాయి కోసం వెతికేను.