మడత చాకు మొరాయిస్తోందా పిన్నిగారూ?

చేతికివ్వకండి పిన్నిగారూ, గోడ మీద పెట్టండి, నేను తీసుకుంటా. కత్తీ కత్తెరా చేతిలోంచి చేతికి మారకూడదంటారుగా.

ఇదా! మీవాడు హ్యూస్టన్ నించి తెచ్చిన మడత చాకేగా. బాబాయిగారు రోజూ రొయ్యల చెరువు దగ్గరికి జేబులో వేసుకెళ్లేది ఇదే కదూ. మేత బస్తా కుట్టు విప్పాలన్నా, నైలాను తాడు తెంపాలన్నా, మధ్యాహ్నం జాంకాయ కోసుకోవాలన్నా ఇదే. బొటనవేలితో ఈ బొడిపెను నెడితే తెరుచుకోవాల్సింది, ఇప్పుడు రెండు చేతులా గుంజాల్సి వస్తోందా? పారేద్దామనుకుంటున్నారా? వద్దండీ, చాకు నిక్షేపంలా ఉంది. ఇరుసులో మన బందరు ఉప్పు చేరింది, అంతే.

స్టెయిన్‌లెస్ అని రాసుంటే తుప్పు పట్టదనుకుంటాం. ఉక్కులో క్రోమియం పదిన్నర శాతమైనా ఉంటే పైన కంటికి కనపడని పలచటి పొర ఒకటి కడుతుంది. తుప్పును ఆపేది ఆ పొరే. గీత పడితే గాలి తగిలి మళ్లీ కట్టుకుంటుంది. గాలాడని ఇరుకులో మాత్రం కట్టుకోలేదు. ఇరుసు చుట్టూ ఉండేది అట్టాంటి ఇరుకే. అందులో ఉప్పునీళ్లు నిలిస్తే పొర విరిగి, సూది మొనంత గుంటలు పడతాయి. మంగినపూడి గాలికే కిటికీ ఊచలు తినేస్తుంటే, చెరువు నీళ్లలో నానిన చాకు ఎట్టా బాగుంటుంది చెప్పండి.

పైగా బాబాయిగారు నూనె పోశారుగా? వాసన వస్తోంది లెండి, నువ్వుల నూనె. కుట్టు మిషన్లు బాగుచేసే మా నాన్నగారు ఒకటే మాట అనేవారు: వంటనూనె యంత్రానికి పొయ్యకూడదు. నువ్వుల నూనైనా, పొద్దుతిరుగుడు నూనైనా గాలి తగిలి కొన్నాళ్లకి జిగురు కడుతుంది. మొదట్లో జారినట్టే ఉంటుంది, తర్వాత అదే పట్టేస్తుంది. కొబ్బరినూనె అంత తొందరగా జిగురెక్కదు కానీ, ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే చూడండి, సీసాలో గడ్డకట్టి ఉంటుంది. చాకులోనూ అంతే కదా.

అందుకని ముందు కడగాలండీ. వేణ్నీళ్లు, గిన్నెల సబ్బు, పాత పళ్ల బ్రష్షు. అలుగు సగం తెరిచి ఇరుసు దగ్గర రెండు వైపులా రుద్దాలి. జిగురు వదలకపోతే మందుల షాపులో దొరికే స్పిరిట్ నాలుగు చుక్కలు. అప్పుడు పొయ్యి దగ్గరికి మాత్రం వెళ్లకండి, భగ్గుమంటుంది. తర్వాత ఫ్యాను కింద పూర్తిగా ఆరాలి. తడి మీద నూనె వేస్తే నీళ్లను లోపల పెట్టి తలుపేసినట్టే. ఆరాక మిషన్ నూనె ఒక్క చుక్క ఇరుసులో వేసి, రెండు చేతులతోనే నెమ్మదిగా తెరుస్తూ మూస్తూ ఉండాలి. నల్లటి మడ్డి బయటికొస్తుంది. తుడిచి ఇంకో చుక్క. మడ్డి రావడం ఆగేదాకా అంతే. పళ్లు కోసే చాకు కాబట్టి చివరి చుక్క మాత్రం మందుల షాపులో అమ్మే లిక్విడ్ పారఫిన్ వెయ్యండి. అది జిగురు కట్టదు, కడుపులోకి పోయినా భయం లేదు.

స్క్రూ వదులు చేస్తే సరిపోదా అంటారా? అందరూ ముందు చేసేదే అదండీ. నాకైతే అది ఆఖరి పని. మురికి లోపలే ఉంచి స్క్రూ వదులు చేస్తే అలుగు అటూ ఇటూ ఊగుతుంది, బిగువు మాత్రం పోదు. కడిగాక కూడా గట్టిగా ఉంటే అప్పుడు చూద్దాం. ఈ స్క్రూ తల చూడండి, ఆరు మూలల నక్షత్రం. మామూలు స్క్రూడ్రైవరు పెడితే మూలలు అరిగిపోయి ఇక ఎప్పటికీ రాదు. సెల్‌ఫోన్లు, లాప్‌టాప్‌లు బాగుచేసేవాళ్ల దగ్గర సరైనది ఉంటుంది. కొన్నిటికి మరల్లో జిగురు పెట్టి బిగిస్తారు. కదలకపోతే సోల్డరింగ్ ఐరన్ మొన కాసేపు ఆనిస్తే మెత్తబడుతుంది. తిప్పేది కూడా వెంట్రుకవాసే. అలుగు పక్కలకి ఊగిందా, వెంటనే వెనక్కి బిగించాలి.

ఇంకో సంగతుంది, దీన్ని చాలామంది గమనించరు. పిడి లోపల ఈ రేకు చూశారా? తెరిచాక అలుగు వెనక్కి మడవకుండా అడ్డుపడేది ఇదే. మూసి ఉన్నప్పుడు దీని మీదున్న చిన్న గుండు అలుగులోని గుంటలో కూర్చుని పట్టుకుంటుంది. తెరిచేటప్పుడు వేళ్లు ఈ రేకు మీద నొక్కితే గుండు ఇంకా గట్టిగా దిగుతుంది. బాబాయిగారి పట్టు గట్టిది కదా, ఆ నొక్కుడుకే సగం బిగుసుకుంటోందేమో. వేళ్లు కాస్త పక్కకి జరిపి పట్టుకోమనండి.

గుడివాడలో మా ఆడపడుచు ఇంట్లో ఫ్రాన్సు చాకు ఒకటుంది, ఒపినెల్. 1890లో సవోయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ మొదలెట్టిన రకం. దాని పిడి బీచ్ చెక్క. ముసురు పట్టిందంటే చెక్క ఉబ్బి అలుగును పట్టేస్తుంది. పిడి వెనక కొసను బల్ల అంచుకి తడితే అలుగు కాస్త బయటికొస్తుంది, గోటితో లాక్కోవచ్చు. అక్కడివాళ్ల పద్ధతే అది. తర్వాత నీడలో ఆరబెట్టుకోవాలి.

మీ అవనిగడ్డ మరిది గారిది వేరు, రివిట్టు కొట్టిన పాతకాలపు చాకు. దానికి విప్పడానికి స్క్రూ ఉండదు, అడ్డుపడే రేకూ ఉండదు, వెనక స్ప్రింగు బలమే ఆధారం. ఆ స్ప్రింగును ఆకురాయితో అరగదీయొద్దని చెప్పండి. వదులైతే పనిలో ఉండగా వేళ్ల మీదే మడుచుకుంటుంది. దాన్ని రెండు చేతులా తెరవడమే మంచిది.

ఒంటిచేత్తో తెరవడం సోకు అనుకోకండి పిన్నిగారూ. నాగాయలంక వైపు పడవల మీద వలలు లాగేవాళ్లని చూడండి, ఒక చెయ్యి ఎప్పుడూ తాడు మీదే. వల తాడు కాలికి చుట్టుకుని పడవ లాగేస్తుంటే రెండో చెయ్యి ఎక్కణ్నించి వస్తుంది? చెరువు గట్టు మీద జారితే బాబాయిగారికీ అంతేగా. అందుకే ఇది సుళువుగా తెరుచుకోవాలి, తెరిచాక కదలకుండా నిలబడాలి. ఈ రెండోదాన్ని చెడగొట్టి మొదటిది సాధిస్తే నేనొప్పుకోను.

ఇక్కడే ఉంచండి, సాయంత్రానికి కడిగి ఆరబెడతా. రేపట్నించి చెరువు నించి రాగానే మంచినీళ్లతో కడిగి తుడిచాకే జేబులో వేసుకోమనండి. మీవాడు ఈసారి వచ్చేటప్పుడు ఇంకోటి తెస్తానంటే, విమానంలో చేతిసంచిలో కాకుండా పెద్ద పెట్టెలోనే పెట్టమనండి, లేకపోతే తనిఖీలో తీసేసుకుంటారు.