మహాదేవ్ ఘాట్ చీకటి

ఖారున్ నది రాయపూర్‌కి పడమటగా, దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. అందుకే మహాదేవ్ ఘాట్ మెట్ల మీద నిలబడి ఆవలి ఒడ్డుకేసి చూస్తే దొరికేది చుక్కలు దిగిపోయే ఆకాశమే. కృత్తిక, రోహిణి, మృగశిర అన్నీ మాఘమాసంలో అర్ధరాత్రి అయ్యేసరికి అటు వాలేవి. ఆవల దీపాలు తక్కువ కాబట్టి, నీటి అంచు తాకేదాకా చుక్క కనబడేది.

విజయనగరం నుంచి రాయపూర్ దాకా రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ దారిన వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్లలో మావాళ్లూ ఉన్నారు. మృగశిర దగ్గర వరసగా ఉండే మూడు చుక్కల్ని నాన్న గొల్లకావడి అనేవారు. నా దగ్గర 28 మిల్లీమీటర్ల వైడ్ యాంగిల్ లెన్సు, 400 స్పీడు ఫిల్ము, స్టాండు, కేబుల్ రిలీజు ఉండేవి. షట్టరు ‘బి’లో పెట్టి అరగంట వదిలేస్తే ఆకాశం ఏడున్నర డిగ్రీలు జరిగి, చుక్కలు గీతలుగా పడేవి. గొల్లకావడి దాదాపు ఖగోళ మధ్యరేఖ మీదే ఉంటుంది కనుక దాని గీతలు తిన్నగా వచ్చేవి. కుడివైపువి ఉత్తర ధ్రువం చుట్టూ వంగేవి, ఎడమవైపువి అటు దక్షిణానికి. రెండు వంపులూ ఒకే ఫ్రేములో పట్టాలంటే వెడల్పు లెన్సే కావాలి. ఆరుద్ర ఎరుపు రావాలంటే మాత్రం ఫోకసు కాస్త చెదరగొట్టాలి, లేకపోతే తెల్లగీతే.

ఇప్పుడు ఆ వెడల్పే చేటు. ఎటు తిప్పినా ఏదో ఒక దీపం ఫ్రేములోకి వస్తుంది. ఘాట్ దగ్గర లక్ష్మణ్ ఝూలాకి రంగు దీపాలు, ఆవల కొత్త కాలనీలు, ఉత్తరాన ఉర్లా, సిల్తరా ఫ్యాక్టరీల పొగ. పాత సోడియం దీపాల వెలుగు చాలావరకు పసుపులోనే ఉండేది, ఫిల్టరుతో కొంత అణచగలిగేవాళ్లం. తెల్ల ఎల్ఈడీ అన్ని రంగుల్లోకీ పాకుతుంది. అందులోని నీలం గాలిలో ఎక్కువ చెదురుతుంది. డిజిటల్ కెమెరాతో ఇరవై సెకన్ల ఫొటోలు వందలు తీసి కలిపితే నడినెత్తి ఆకాశం బాగానే వస్తుంది, కాదనను. దిగంతం దగ్గరి ఆ పట్టీ మాత్రం రాదు. నాకు కావలసింది ఆ పట్టీయే.

పోయినవాటిలో ఫొటో ల్యాబ్ కూడా ఉంది. నల్లటి ఫ్రేములు చూసి ‘కుఛ్ నహీఁ ఆయా’ అని ప్రింటు వేయకుండా చుట్ట తిరిగి ఇచ్చేసేవాళ్లు, లేదా ఫ్రేము ఎక్కడ మొదలవుతుందో తెలియక మధ్యకి కోసేసేవాళ్లు. అందుకని ప్రతి రీలులో మొదటి ఫొటో పగలే తీసేవాణ్ణి, కత్తెరకి గుర్తుగా. ఏదో ఒకటి పడితే చాలు: టీ బండి, పడవవాడు, ఎండకి కళ్లు చికిలించిన నాన్న.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ చుక్కలు చూపించమని అడగరు. ఆ మొదటి ఫ్రేముల్నే అడుగుతారు. నాన్నది నవ్వుతున్న ఫొటో అదొక్కటే కావడంతో నెగటివ్ సహా చెల్లెలు పట్టుకుపోయింది.