రైలు లేని దీవిలో భిలాయి కుటుంబం

భిలాయి నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా, సముద్రాన్ని చూడాలంటే నాలుగు వందల కిలోమీటర్లకు తక్కువ కాని దూరం పోవలసిందే. చుట్టూ ఛత్తీస్‌గఢ్ వరిపొలాలు, ఎర్రమట్టి నేలలు, వేసవిలో నలభై అయిదు డిగ్రీలను తాకే ఎండ. అటువంటి చోట పుట్టి పెరిగిన మాకు ‘దీవి’ అనే మాట భూగోళ పాఠంలోనిది మాత్రమే. అయితే నడివయస్సు వచ్చాక ఆలోచిస్తే, మేము పెరిగినది కూడా ఒక విధమైన దీవిలోనే అని నాకు తోస్తున్నది.

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఉక్కు కర్మాగారానికి ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఇనుపరాయి దల్లీ రాజహరా కొండల నుంచి వచ్చింది. సున్నపురాయి నందిని గనుల నుంచి వచ్చింది. మనుషులు మాత్రం దేశం నలుమూలల నుంచీ వచ్చారు. మలయాళీలు, బెంగాలీలు, పంజాబీలు, బీహారీలు, మరాఠీలు, తెలుగువారు వరుసగా సెక్టార్లలో కాపురాలు పెట్టారు. పొరుగింటి పండుగ మన పండుగైంది. అందరికీ ఉమ్మడిగా హిందీ మిగిలింది. భిలాయిని ‘చిన్న భారతదేశం’ అని పిలవడం అలా అలవాటైంది.

తెలుగువారు ఇంతమంది ఇక్కడికి చేరడానికి ఒక రైలు మార్గం దోహదం చేసింది. రాయపూర్‌ను విజయనగరంతో కలిపే ఆ మార్గం 1931లో పూర్తయింది. బొబ్బిలి, పార్వతీపురం ప్రాంతాలలో బండి ఎక్కిన కుర్రవాడు కొండలు దాటి, రాయపూర్‌లో దిగి, అక్కడి నుంచి భిలాయి చేరుకునేవాడు. మా నాన్నగారు 1970లో అలా వచ్చినవారే. ముప్ఫై ఎనిమిది సంవత్సరాలు రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో పనిచేసి పదవీ విరమణ చేశారు.

ఒక ఇంట మూడు భాషలు

మా అమ్మానాన్నలు మాట్లాడేది బొబ్బిలి వైపు తెలుగు. అన్నయ్యా నేనూ ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు నేర్చుకుని పెరిగాము. ఇంగ్లీషు సాహిత్యం చదివిన నేను అనువాదాలు వృత్తిగా చేసుకుని నాగపూర్‌లో ఉన్నాను. అన్నయ్య బెంగుళూరులో స్థిరపడ్డాడు. పదిహేనేళ్ళ మా అమ్మాయిది హిందీ. తొమ్మిదేళ్ళ అన్నయ్య కొడుకుది ఇంగ్లీషు. తెలుగు ఇద్దరికీ అర్థమవుతుంది గాని పలకదు.

మా అమ్మాయి తాతగారిని హిందీ వాడుక ప్రకారం ‘నానా’ అని పిలుస్తుంది. ఆయన మన ఇళ్ళలో పిల్లలను ముద్దుగా పిలిచే తీరులో ‘ఏం నాన్నా?’ అని పలుకుతారు. తాతా మనుమరాలూ ఇంచుమించు ఒకే మాటతో ఒకరినొకరు పిలుచుకుంటారు. ఆ మాట దాటిన తరువాత మాత్రం వారి మధ్య నా వృత్తి నాకు తప్పదు.

గత రెండేళ్ళుగా మా ఇంట్లో ఒక ప్రశ్న నలుగుతున్నది. ఒక వర్షాకాలంలో అమ్మ పెరట్లో జారిపడింది. ఉద్యోగంతోపాటే కంపెనీ క్వార్టరు పోయింది. అద్దె ఇంట్లో ఇద్దరే ఉంటున్నారు. తమతో వచ్చి బెంగుళూరులో ఉండమని అన్నయ్యా వదినా బతిమాలుతున్నారు. బొబ్బిలి దగ్గరి స్వగ్రామంలో ఇల్లు ఏనాడో కూలిపోయింది; పొలం పంపకాలలో కరిగిపోయింది. ‘చూద్దాంలే’ అన్నదే నాన్నగారి సమాధానం. 2025 జనవరిలో మేము ఏడుగురమూ అండమాను దీవులకు ప్రయాణమైనప్పుడు, ఈసారి ఏదో ఒకటి తేల్చుకు రావాలని అన్నయ్య మనసులో ఉన్నది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

‘అండమానుకా? మనమేం నేరం చేశామని?’ అన్నది అమ్మ. ద్వీపాంతరవాసం అనే శిక్ష తెలుగు ఇళ్ళలో ఇంకా ఆ విధంగా బతికి ఉన్నది.

సముద్రం మీద ఉక్కు

దుర్గ్ నుంచి విశాఖపట్టణానికి 2024 సెప్టెంబరులో వందే భారత్ రైలు వచ్చింది. తెల్లవారుజామున ఎక్కితే మధ్యాహ్నానికి విశాఖలో దిగవచ్చు. కిటికీ పక్కన కూర్చున్న నాన్నగారు తూర్పు కనుమలను చూడక పట్టాల చప్పుడు వింటున్నారు. ‘అతుకుల చప్పుడు లేదు, విన్నావా?’ అన్నారు మనుమడితో. పూర్వం పట్టాకూ పట్టాకూ మధ్య సందు ఉండేదనీ, ఇప్పుడు వాటిని అతికి 260 మీటర్ల పొడవున భిలాయి నుంచే పంపుతున్నారనీ వివరించారు. నేను దానిని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను.

విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు పన్నెండు వందల కిలోమీటర్లు. 2024 సెప్టెంబరులో ఆ ఊరికి శ్రీ విజయపురం అని కొత్త పేరు పెట్టారు. చెన్నై, కలకత్తాల నుంచి విమానంలో రెండు మూడు గంటలలో చేరవచ్చు. కాని నాన్నగారు ఓడ మీదనే వెళదామన్నారు. విశాఖ నుంచి ఓడలు తరచుగా ఉండవు. నెలకు ఒకటి దొరికితే మేలు. ప్రయాణం ఇంచుమించు మూడు రోజులు. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనుకబడిన తరువాత నేల కనబడలేదు. మొదటి రాత్రి అమ్మకు, వదినకు కడుపులో తిప్పింది. రెండవనాటికి అలవాటు పడ్డారు. పెద్దలతో ఓడ ప్రయాణం పెట్టుకునేవారు వాంతుల మందు, నిమ్మకాయలు దగ్గర ఉంచుకోవడం, కింది బెర్తులు అడిగి తీసుకోవడం మంచిది.

నాన్నగారు మాత్రం డెక్కు మీద తిరుగుతూ ఓడ గోడ రేకును వేలితో తట్టి చూశారు. 2022 సెప్టెంబరులో నౌకాదళంలో చేరిన విక్రాంత్ విమానవాహక నౌకకు సుమారు ముప్ఫై వేల టన్నుల ప్రత్యేక ఉక్కు భిలాయి, బొకారో, రూర్కెలా కర్మాగారాల నుంచి వెళ్ళిందని మనుమడికి చెప్పారు. తాను చేసిన వస్తువు మీద జీవితమంతా ప్రయాణం చేసిన మనిషి, సముద్రం మీద కూడా తన ఊరి ఉక్కును వెతుక్కుంటున్నారని నాకనిపించింది.

గొళ్ళెం చెప్పిన సంగతి

పోర్ట్ బ్లెయిర్‌లో మొదట సెల్యులార్ జైలుకు వెళ్ళాము. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఈ కట్టడంలో చక్రానికి ఆకులవలె ఏడు భాగాలుండేవి. నేడు మూడు మిగిలాయి. ఇటుకలు బర్మా నుంచి వచ్చాయి. ఒక్కొక్క ఖైదీకి ఒక్కొక్క గది. ఒక భాగంలోని ఖైదీకి ఎదుటి భాగం వీపు తప్ప మరొక మానవ ముఖం కనబడకుండా కట్టారు. 1979 ఫిబ్రవరిలో దీనిని జాతీయ స్మారకంగా అంకితం చేశారు.

పిల్లలు చీకటి గదులలోకి తొంగి చూస్తుండగా నాన్నగారు ఒక తలుపు గొళ్ళెం దగ్గర నిలిచిపోయారు. ఇనుప గడియ తలుపును దాటి గోడలోకి చాలా దూరం పోయి అక్కడ తాళం పడుతుంది. లోపలి మనిషి చేయి ఎంత చాచినా అందదు. ‘పనితనం బాగుంది. పనికి పెట్టిన బుద్ధి మంచిది కాదు’ అన్నారు.

ఈ దీవులకు తెలుగువారి రాక శిక్షలతోనే మొదలైంది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరకు మరణశిక్షను తగ్గించి ద్వీపాంతరం పంపారు. ఆయన బతికి బయటపడి, 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్టణం నుంచి ఎన్నికయ్యారు. ఆ సంగతి చెప్పినప్పుడు మా అమ్మాయి, ‘తిరిగి వెళ్ళినవాళ్ళూ ఉన్నారన్నమాట’ అన్నది. తిరిగి వెళ్ళనివారు ఎంతోమంది. విడుదలైన ఖైదీలలో కొందరు ఇక్కడే పెళ్ళిళ్ళు చేసుకుని స్థిరపడ్డారు. తరువాత ఛోటానాగపూర్ కూలీలు, దేశ విభజన అనంతరం తూర్పు బెంగాలు కాందిశీకులు, తమిళులు వచ్చారు. మన శ్రీకాకుళం, విశాఖ తీరాల మత్స్యకారులూ వచ్చారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. అందరికీ ఉమ్మడిగా హిందీ ఉన్నది. ఈ దీవులను కూడా ‘చిన్న భారతదేశం’ అనే పిలుస్తారు.

మీదే ఊరు బావూ?

చేపల రేవైన జంగ్లీఘాట్‌లో తెలుగు మత్స్యకార కుటుంబాలు ఎక్కువ. ఒక సాయంకాలం అక్కడ వలలు బాగుచేసుకుంటున్న ఒక వృద్ధుడు, మా అమ్మ మాట విని తల ఎత్తాడు. ‘మీదే ఊరు బావూ?’ అని అడిగాడు. ఆ ‘బావూ’ అనే పిలుపు అచ్చం శ్రీకాకుళం మట్టిలోనిది. అతడు మాత్రం ఈ దీవిలోనే పుట్టాడట. తండ్రి ఊరిని జీవితంలో రెండే సార్లు చూశాడట.

ఈ ప్రశ్నకు నాన్నగారు ‘బొబ్బిలి దగ్గర’ అని చెప్పడం నేను చిన్ననాటి నుంచి విన్నాను. భిలాయిలో యాభై ఏళ్ళున్నా ఆ జవాబు మారలేదు. ఆ సాయంకాలం ఆయన కొంచెం ఆగి, ‘మాది భిలాయి’ అన్నారు.

‘అదెక్కడ?’

‘మధ్యదేశంలో. రైలు పట్టాలు చేసే ఊరు.’

వృద్ధుడు నవ్వాడు. ‘మాకిక్కడ రైలే లేదు బావూ!’

నిజమే. అండమాను దీవులలో రైలు మార్గం లేదు. నాన్నగారు కూడా గట్టిగా నవ్వారు. తరువాత వారిద్దరూ ఒక గంటసేపు తుఫానుల గురించి, 2004 డిసెంబరు 26 నాటి సునామీ గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నారు. ఆ సంభాషణకు నా అవసరం కలగలేదు.

అన్నయ్య నా వైపు చూశాడు. తండ్రి నోట వెలువడిన రెండు మాటల అర్థం వాడికి తెలిసింది.

నీల్ దీవిలో

చివరి మూడు రోజులు నీల్ దీవిలో గడిపాము. 2018 డిసెంబరు నుంచి దీని అధికార నామం షహీద్ ద్వీప్. బెంగాలీ రైతులు కూరగాయలు పండించే చిన్న దీవి. నేల చాలా వరకు సమతలం కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు కూడా సులభంగా తిరగగలరు. ఆటు సమయంలో నీరు వెనుకకు పోయి పగడపు రాళ్ళు బయటపడతాయి. వాటి గుంటలలో చిన్న చేపలు, నక్షత్ర చేపలు కనబడతాయి. పిల్లలు నాయనమ్మ, అమ్మమ్మ అని ఒకే మనిషిని రెండు పేర్లతో పిలుస్తూ, చెరొక చేయీ పట్టుకుని ఆమెను నీళ్ళలోకి నడిపించారు. డెబ్బై ఏళ్ళు దాటిన అమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి మోకాలిలోతు నీటిలో నిలబడి, ఏమీ మాట్లాడక చాలాసేపు చూసింది.

తూర్పున చాలా దూరంగా ఉండడంవల్ల జనవరిలో అక్కడ సాయంత్రం అయిదుంబావుకల్లా పొద్దు కుంకుతుంది. ఆ చీకటిలో అన్నయ్య చివరకు నోరు విప్పాడు. నాన్నగారు తొందరపడలేదు. ‘మొన్న ఆ ముసలాయనతో భిలాయి మాది అన్నాను. నోరు జారి అన్నమాట కాదురా. మేమిద్దరం నడవగలిగినన్నాళ్ళు అక్కడ ఉంటాం. నడవలేనినాడు నువ్వు పిలవకముందే వస్తాం’ అన్నారు.

‘యాభై ఏళ్ళూ నాకీ మాట చెప్పలేదు. ఇక్కడికొచ్చి చేపలాయనకు చెప్పాడు’ అన్నది అమ్మ. అందరం నవ్వాము.

అన్నయ్యకు అది పూర్తిగా సమ్మతం కాదు. అమ్మ మళ్ళీ జారిపడితే ఎవరున్నారన్న ప్రశ్న న్యాయమైనదే. అనువాదకురాలి పని ఎక్కడ కూర్చున్నా సాగుతుంది గనుక, నెలకు పది రోజులు నేను భిలాయిలో ఉండేటట్లు, ఇంటి మెట్లకూ స్నానాల గదికీ పట్టుకోను కడ్డీలు వేయించేటట్లు అక్కడికక్కడే నిర్ణయించుకున్నాము. కడ్డీల కొలతలు నాన్నగారే చెప్పారు.

వలస వచ్చినవారు కట్టుకున్న ఊళ్ళకు ఒక రుణం కూడా ఉంటుంది. 1858లో వేలమందిగా ఉండిన గ్రేట్ అండమానీ జాతివారు నేడు కొద్ది పదుల సంఖ్యకు తగ్గిపోయారు. భిలాయి పొగగొట్టాలు లేచిన చోట కూడా ముందు ఛత్తీస్‌గఢీ రైతుల పొలాలే ఉండేవి. ‘ఇది మా ఊరు’ అని చెప్పుకునే హక్కు చెమటతో వస్తుందని నాన్నగారి జీవితం చూసి నేను నమ్ముతాను. అయితే మనకు ముందు అక్కడున్నవారిని తలచుకోవడం కూడా ఆ హక్కులో భాగమే.

రానున్న వేసవి సెలవులలో పిల్లలిద్దరూ నెల రోజులు భిలాయిలో ఉంటామంటున్నారు. ఎండ మండిపోతుందనీ, సముద్రం ఉండదనీ ముందే చెప్పాము. మిల్లు లోపలికి రానిస్తారా అని మనుమడు అడిగాడు. అడిగినది తెలుగులోనే. పదాలు సరిగా కుదరలేదు గాని, నేను దిద్దలేదు.