ఇల్లు చూడ్డానికొస్తే... కుక్కనేం చేద్దాం?

ఇల్లు అమ్మకానికి పెట్టగానే ఏమేం చేయాలో అందరికీ తెలుసు. గోడలకు రంగు వేయిస్తారు. కారుతున్న నల్లా బాగు చేయిస్తారు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు... అన్నీ ఒక ఫైలులో సర్దిపెట్టుకుంటారు. వాస్తు తెలిసినాయన్ని పిలిచి ఈశాన్యం మూల ఒకసారి చూపిస్తారు. కానీ గేటు దగ్గర పడుకున్న కుక్క సంగతి, వంటింటి గట్టు కింద ముడుచుకున్న పిల్లి సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకురాదు. ఇల్లు కొంటామంటూ వచ్చినవాళ్లు గేటు గడియ తీసినప్పుడే గుర్తొస్తుంది. అప్పటికి కుక్క లేచి నిలబడి ఉంటుంది.

మెదక్‌లో ఇప్పుడు ఇళ్లు చూసేవాళ్లు పలు రకాలు. ఉమ్మడి జిల్లాకు పేరు మెదక్‌దే అయినా కలెక్టరేటు సంగారెడ్డిలో ఉండేది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనతో మెదక్ జిల్లా కేంద్రమైంది. 2022లో అక్కన్నపేట మీదుగా రైలూ వచ్చింది. ఒకప్పుడు ఇల్లు అమ్మితే ఆ వీధివాళ్లో, దగ్గరి చుట్టమో కొనేవారు. ఇప్పుడు ఉద్యోగాల మీద వచ్చినవాళ్లు, వ్యాపారానికి వచ్చినవాళ్లు కూడా అడుగుతారు. అమ్మేవాళ్లలో పిల్లలు హైదరాబాద్‌లో స్థిరపడిన పెద్దవాళ్లు కొందరు ఉంటారు. వాకిట్లో జామచెట్టు, గేటు మీద 'కుక్క ఉన్నది జాగ్రత్త' అన్న రేకు, దాని వెనక ఎవరూ కొని తేని ఓ ఊరకుక్క. వానాకాలంలో చూరు కిందకు వచ్చి చేరిన పిల్ల, తొమ్మిదేళ్లుగా ఆ ఇంటి మనిషైపోయి ఉంటుంది.

అలాంటి ఇల్లే ఒక రిటైరైన సారుది. ఆయనా, ఆయన భార్యా, టామీ. ఇల్లు అమ్ముతామని నలుగురి చెవిన వేసిన మొదటి ఆదివారమే మధ్యవర్తి నుంచి ఫోను. "సారూ, పార్టీ వచ్చిండు. మీ గేటు ముంగటనే ఉన్నం." వచ్చింది ఒక్కరు కాదు. కొనే ఆయన, ఆయన తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు, బామ్మర్ది. టామీ ఊరుకుంటుందా? వీధి మొత్తం వినిపించేలా అందుకుంది. "కరుస్తదా సారూ?" "ఏమనదు, రండ్రి." ఏమనలేదు. కానీ పెద్దామె వాకిలి దాటి రాలేదు. చిన్నపిల్ల ఏడుపు ఆపలేదు. పావుగంటలో చూడాల్సిన ఇల్లు మూడు నిమిషాల్లో చూసి వెళ్లిపోయారు. వెనకగది తలుపు కూడా తీయలేదు. బయట విప్పిన చెప్పుల్లో ఒకటి జామచెట్టు కిందకు చేరింది. అది వేరే సంగతి.

తప్పు టామీది కాదు. తొమ్మిదేళ్లుగా దానికి అప్పగించిన పనే అది. కొత్త మనిషి వస్తే చెప్పాలి. ఇన్నేళ్లూ 'భేష్' అన్న పనికే ఇవాళ కసురుకుంటే దానికేం అర్థమవుతుంది? పైగా దానికి ఇంట్లో జరిగే మార్పు మనకన్నా ముందే తెలుస్తుంది. మనిషి ముక్కులో వాసన పసిగట్టే గ్రాహకాలు 60 లక్షల దాకా ఉంటే, కుక్కలో 30 కోట్ల వరకూ ఉంటాయంటారు. కొత్త రంగు వాసన, సర్దుతున్న అట్టపెట్టెల వాసన, ఆదివారం ఆదివారం ఇంట్లో తిరిగి వెళ్లే తెలియని మనుషుల వాసన... తన చోటు తనది కాకుండా పోతోందన్న కంగారు దానికీ ఉంటుంది.

అమెరికాలో ఇల్లు అమ్మే మన తెలుగువాళ్లకు ఈ తంటా కొంత తక్కువ. అక్కడ ఏజెంటు ముందుగా టైము చెబుతాడు. ఆ గంటా ఇంటివాళ్లు బయటకు వెళ్లిపోతారు. కుక్కను కారులో ఎక్కించుకుని పార్కుకు తీసుకెళతారు. దాని గిన్నె, పరుపు, బొమ్మలు కూడా కనబడకుండా దాచేస్తారు. పిల్లిని బోనులో ఉంచితే తలుపు మీద కాగితం అంటిస్తారు. మన ఊళ్లో అలా కుదరదు. ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లివ్వాలి, చాయ్ పెట్టాలి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని మాట్లాడాలి. ఇల్లుతోపాటు ఇంటివాళ్లనూ చూసిగానీ ఎవరూ బేరం మొదలుపెట్టరు. కాబట్టి ఉపాయం మన పద్ధతిలోనే వెతుక్కోవాలి.

అన్నిటికన్నా ముందు మధ్యవర్తికి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. గేటు ముందు నిలబడి కాదు, గంట ముందు ఫోను చేయమని. ఆ గంటలో కుక్కను నాలుగు వీధులు తిప్పితే సగం ఉడుకు తగ్గుతుంది. తర్వాత దానికి బాగా తెలిసిన పక్కింట్లోనో, స్నేహితుల ఇంట్లోనో ఉంచవచ్చు. అది కుదరకపోతే పెరట్లో నీడపట్టున, దగ్గర ఇంటి మనిషి ఒకరు కూర్చుని ఉండాలి. కుక్క పక్కన తెలిసిన మనిషి ఉంటే మొరుగుడు తగ్గుతుంది, చూడ్డానికి వచ్చినవాళ్లకూ ధైర్యం. పెరడు చూపించే వంతు వచ్చినప్పుడు దాన్ని పట్టీతో వీధిలోకి తీసుకెళితే సరిపోతుంది.

చాలామంది చేసేది ఇందుకు వ్యతిరేకం. గేటు పక్కనే గొలుసుకు కట్టేస్తారు. కట్టేసిన కుక్కకు భయం వేస్తే పారిపోయే దారి ఉండదు. మిగిలేది మీదకు రావడమే. తోక ఊపుతోంది కదా అని ధీమా పడకూడదు. ఒళ్లు బిగదీసుకుని తోక ఊపే కుక్క స్నేహం కోరుతున్నట్టు కాదు. పెదాలు నాక్కోవడం, మాటిమాటికీ ఆవలించడం, చూపు తిప్పుకోవడం... ఇవన్నీ 'నన్ను వదిలేయండి' అని చెప్పడమే. పిల్లలు అది గమనించరు, ముద్దుగా ఉందని ఎదురెళతారు. అందుకే పిల్లలతో వచ్చినప్పుడు కుక్క అసలు ఎదుట లేకపోవడమే మేలు. రేబిస్ టీకా ఏటా వేయించాలి. ఆ కార్డు ఇంటి కాగితాల ఫైలులోనే పెట్టుకుంటే ఎవరైనా అడిగినప్పుడు తీసి చూపించవచ్చు. పొరపాటున పన్ను తగిలినా, గీరినా పసుపు, కారం లాంటివి పెట్టకూడదు. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇంకో సంగతి, నమ్మకాలది. ఇల్లు కొనడానికి మంచిరోజు చూసుకుని బయల్దేరినవాళ్లకు గేటు దగ్గరే పిల్లి అడ్డం వస్తే ఏమవుతుంది? నమ్మినా నమ్మకపోయినా మనసులో ఓ ముల్లు గుచ్చుకుంటుంది. అసలే గోడ మీది పిల్లిలా ఉన్న బేరం అటువైపు దూకేస్తుంది. మెదక్‌లో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు పక్కపక్క వీధుల్లో ఉంటారు. నమాజుకు వెళ్లే బట్టలకు కుక్క నోరు తగిలితే చాలా ముస్లిం కుటుంబాల్లో మళ్లీ కడుక్కోవాల్సిందే. అదే ఇళ్లలో పిల్లిని ముద్దుగా చూసుకుంటారు. వచ్చినవాళ్ల నమ్మకం తప్పో ఒప్పో తేల్చడం అమ్మేవాళ్ల పని కాదు. ఆ అరగంట వాళ్లకు ఇబ్బంది లేకుండా చూడటమే మర్యాద.

వాసన విషయంలో ఇంటివాళ్ల ముక్కును నమ్మడానికి లేదు. రోజూ పీల్చే వాసనకు ముక్కు అలవాటుపడిపోతుంది. బయటి మనిషిని పిలిచి, మొహమాటం లేకుండా చెప్పమనాలి. మూత్రం పోసిన చోటు అప్పటికప్పుడు కడిగితే పోదు. ముందే సబ్బునీళ్లతో, తర్వాత వంటసోడాతో తుడిచి ఎండనివ్వాలి. వచ్చేవాళ్లు దారిలో ఉన్నారనగా ఇల్లంతా ఫినాయిలు కుమ్మరించడం చాలా ఇళ్లలో అలవాటు. పిల్లి ఉన్న ఇంట్లో ఇది ప్రమాదం. ఫినాయిలులో ఉండే ఫినాల్ రకం రసాయనాలను పిల్లి కాలేయం అరిగించుకోలేదు. తడినేల మీద నడిచి పాదాలు నాక్కుంటే చాలు, విషమవుతుంది.

పంజరంలో రామచిలుక ఉన్నవాళ్లకు ఇంకో హెచ్చరిక. మన దేశపు చిలుకలను ఇంట్లో బంధించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇల్లు చూపించేటప్పుడు దాచడం కాదు, అటవీశాఖకు అప్పగించడమే దారి. మిద్దె మీద పావురాలు పెంచేవాళ్ల కథ వేరు. కొత్త ఇంట్లో వదిలితే అవి మళ్లీ పాత గూటికే ఎగిరొస్తాయి. ఆ సంగతి కొనేవాళ్లకు ముందే చెప్పడం మంచిది.

ఇవన్నీ చేశాక కూడా అసలు ప్రశ్న ఒకటి మిగిలే ఉంటుంది. సారు ఇంట్లో అది నాలుగో ఆదివారం ఎదురైంది. ఈసారి వచ్చినవాళ్లకు ఇల్లు నచ్చింది. ధర దగ్గర పెద్ద పేచీ లేదు. బయానా సంగతి మాట్లాడుతూ కొనే ఆయన అన్నాడు. "సారూ, పట్నంల ఫ్లాటుల దీన్నేడ ఉంచుతరు? ఈడనే ఇడిసిపెట్టి పోండ్రి. మాకు కావలికి పడుంటది." సారు వెంటనే కాదనలేదు. హైదరాబాద్‌లో కొడుకు చెప్పిన మాట చెవిలో ఉంది. "బాపూ, మా దగ్గర లిఫ్టులో కుక్కను ఎక్కనియ్యరు." నిజానికి తేలికైన దారి అదే. కుక్కకు తెలిసిన చోటు దానికే ఉంటుంది. ఇల్లూ అమ్ముడుపోతుంది.

జవాబు లోపల్నుంచి ఆయన భార్య ఇచ్చింది. "ఇంటికి ధర కట్టినం. దానికి కట్టలేదు గద!"

కుక్కను కొత్తవాళ్లకు ఇవ్వడం ప్రతిసారీ తప్పేమీ కాదు. వాళ్లు నాలుగుసార్లు వచ్చి, చేత్తో ముద్ద పెట్టి, అది వాళ్ల దగ్గర తోక ఊపుతూ కూర్చున్నాక ఇస్తే అది అప్పగింత. 'పడుంటది' అన్నవాళ్లకు వదిలితే అది వదిలించుకోవడం. ఇంటివాళ్లు వెళ్లిపోయిన రోజు నుంచీ ఆ గేటు దగ్గర కూర్చుని, తిండి మానేసి ఎదురుచూసే కుక్కలను చూడనివాళ్లు ఎవరున్నారు? ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేసి వెళ్లడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా మాత్రం 10 నుంచి 50 రూపాయలే. చట్టం భయపెట్టదు కాబట్టి మనసే అడ్డుపడాలి. స్వర్గం వాకిట్లో 'కుక్కను వదిలి రా' అంటే ధర్మరాజు వెళ్లనన్నాడని మనం పిల్లలకు చెప్పే కథే.

ఇక లిఫ్టు సంగతి. పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం అపార్ట్‌మెంటు సంఘాలకు లేదని, లిఫ్టు వాడుకోవద్దనడానికీ వీల్లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం పట్టుకుని కొడుకు సంఘం వాళ్లతో మాట్లాడాడు. పట్టీ వేసి, టీకా కార్డు చూపించి, మురికి చేస్తే శుభ్రం చేసుకునే షరతు మీద ఒప్పుకున్నారు. ఆ నాలుగో ఆదివారం బేరం కుదరలేదు. నెల తర్వాత ఇంకొకరితో కుదిరింది, దాదాపు అదే ధరకు.

సామాను లారీకి ఎక్కించే రోజు కూడా జాగ్రత్త కావాలి. తెరిచిన గేటు, అరుపులు, హడావుడి. బెదిరి వీధిలో పడే కుక్కలు తప్పిపోయేది అప్పుడే. ఆ పూట దాన్ని తెలిసినవాళ్ల ఇంట్లో ఉంచాలి. పిల్లినైతే తలుపేసిన గదిలో పెట్టి, కొత్త ఇంట్లో కనీసం రెండు మూడు వారాలు బయటకు వదలకూడదు. లేకపోతే పాత ఇల్లు వెతుక్కుంటూ వెళ్లిపోతుంది. కుక్క పడుకునే గోనెసంచిని ఉతకకుండా, లారీలో చివరగా వేసి, దించేటప్పుడు ముందుగా దించాలి. మనకు ఇల్లు మారిందని చెప్పేది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పడే ముద్ర. దానికి చెప్పేది ఆ సంచి వాసనే.