ఆడిట్ రిపోర్టులో కనిపించని జాలహళ్లి

బెంగళూరు వెళ్లినవాళ్లు కబ్బన్ పార్కు, చర్చ్ స్ట్రీట్ ఫొటోలు పెడతారు. నేను ఈసారి మెట్రో గ్రీన్ లైన్ ఎక్కి జాలహళ్లిలో దిగా. కింద తుమకూరు రోడ్డు, పక్కనే పీణ్య పారిశ్రామికవాడ. షిఫ్టు వదిలే టైమ్ అది. గార్మెంట్ ఫ్యాక్టరీల నుంచి ఆడవాళ్లు గుంపులుగా వస్తున్నారు. చేతిలో క్యారియర్ బ్యాగు, మెడలో ఐడీ కార్డు. కన్నడ మధ్యలో తెలుగు కూడా వినిపిస్తుంది. హిందూపురం ఇక్కడికి వంద కిలోమీటర్లే కదా!

ఈ జంక్షన్‌కి ఓ చరిత్ర ఉంది. 2016 ఫిబ్రవరిలో కేంద్రం పీఎఫ్ రూల్ మార్చింది. ఉద్యోగం మానేసినా యాజమాన్యం వాటా డబ్బు 58 ఏళ్లు వచ్చేదాకా తీసుకోకూడదంది. కుట్టుమిషన్ ముందు ఆ వయసుదాకా కూర్చోగలిగేవాళ్లు ఎంతమంది? పిల్లల ఫీజుకో, ఇంట్లో పెళ్లికో, అప్పు తీర్చడానికో అక్కరకొచ్చేది ఆ డబ్బే. ఏప్రిల్ 18, 19 తేదీల్లో వేలమంది మిషన్లు వదిలేసి రోడ్డెక్కారు. ముందుండి నడిపించిన పెద్ద నాయకుడెవరూ లేరు. హోసూరు రోడ్డు, తుమకూరు రోడ్డు ఆగిపోయాయి. లాఠీచార్జి జరిగింది, ఇక్కడ బస్సులు కూడా తగలబడ్డాయి. చివరికి 19న అప్పటి కార్మిక మంత్రి, మన హైదరాబాదీ బండారు దత్తాత్రేయ ఆ రూల్ వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు.

ఇంత కోపం లోపల ఉందని అంతకుముందు ఎవరైనా పసిగట్టారా? నిజానికి పెద్ద బ్రాండ్లకు బట్టలు కుట్టే ఫ్యాక్టరీల్లో 'సోషల్ ఆడిట్' చేస్తారు. కార్మికుల పరిస్థితి ఎలా ఉందో చూసి రిపోర్టు రాయడమే దాని పని. బస్టాపులో పరిచయమైన హిందూపురం అక్కని దాని గురించి అడిగా. తన పేరు, కంపెనీ పేరు రాయొద్దన్నారు.

"వాళ్లొచ్చేది మాకు ముందే తెలుస్తాది చెల్లీ. ఆ పొద్దు బాత్రూముల్లో సబ్బు ఉంటాది. సూపర్‌వైజర్ అరవడు. 'ఏమన్నా కష్టముందా?' అని మమ్మల్ని అడుగుతారు. మేనేజర్ అద్దాల రూములోంచి చూస్తా ఉంటాడు. ఇంకేం చెప్పేది?"

"మరి మామూలు రోజుల్లో?"

"గంటకి ఇన్ని పీసులని టార్గెట్ ఉంటాది. నీళ్లు తాగితే బాత్రూముకి పోవల్ల. అందుకే తాగము."

ఈ మాట రిపోర్టులోకి ఎలా ఎక్కుతుంది? బాత్రూములు లెక్కకు సరిపడా ఉన్నాయి. సబ్బూ ఉంది. వెళ్లడానికి టైమే లేదు. ఆడిటర్ పెట్టిన టిక్కు తప్పు కాదు, కానీ అక్క చెప్పిన నిజం అందులో లేదు.

టిక్కుల్ని నమ్ముకుంటే ఏమవుతుందో కరాచీ చూసింది. 2012 సెప్టెంబర్ 11న అక్కడి అలీ ఎంటర్‌ప్రైజెస్ గార్మెంట్ ఫ్యాక్టరీ కాలిపోయి 250 మందికి పైగా చనిపోయారు. డబ్బు కోసం బెదిరించినవాళ్లే నిప్పు పెట్టారని తర్వాత కోర్టు తేల్చింది. కానీ కిటికీలకు కమ్మీలు, తలుపులకు తాళాలు ఉండటంతో లోపలివాళ్లకు దారి దొరకలేదు. అంతకు కొన్ని వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి ఎస్‌ఏ8000 అనే అంతర్జాతీయ సర్టిఫికెట్ వచ్చింది!

కార్మికుల పరిస్థితి నిజంగా తెలుసుకోవాలంటే గేటు బయట మొదలుపెట్టాలి. బస్టాపులో, అద్దె గదిలో, మేనేజర్ కంటికి కనపడని చోట అడగాలి. ఓవర్‌టైమ్‌కి చట్టం చెప్పిన రెట్టింపు జీతం వస్తోందా? ఫిర్యాదు చేసినవాళ్లు ఇంకా పనిలో ఉన్నారా? యూనియన్‌లో చేరినవాళ్లని ఏం చేశారు? బ్రాండునీ ఓ ప్రశ్న అడగాలి. పీసు ధర తగ్గించి, డెలివరీ తేదీ ముందుకు జరిపితే ఆ భారం ఎవరి మీద పడుతుంది? అక్క చెప్పిన ఆ గంట టార్గెట్ మీదే కదా!

బస్సు వచ్చేలోపు అక్క ఫోన్‌లో ఉమంగ్ యాప్ తెరిచి పీఎఫ్ పాస్‌బుక్ చూపించారు. కంపెనీ డబ్బు కట్టిందో లేదో ప్రతి నెలా చూసుకుంటారట. "ఆ గొడవ అప్పటినుంచి అలవాటైంది" అన్నారు.

మీ ఇంట్లోనో, వీధిలోనో ఎవరైనా గార్మెంట్ పనికి వెళ్తుంటే, వాళ్ల ఫోన్‌లో ఆ పాస్‌బుక్ తెరవడం నేర్పించండి. పెద్ద టైమ్ పట్టదు.