గుమ్మం మీది భూతం

పిల్లలూ! మీకు భూతాలంటే భయమా? పగటిపూట అడిగితే అందరూ "భయం లేదు" అనే అంటారు. రాత్రి కరెంటు పోయినప్పుడు అడిగితే కొందరు అమ్మ కొంగు పట్టుకుంటారు. ఇవాళ మనం భూతాలను వెతుక్కుంటూ పల్నాడు పోదాం. పట్టపగలే పోదాం కనక ఎవరూ భయపడనక్కరలేదు.

పల్నాడు కృష్ణానదికి దక్షిణపు ఒడ్డున ఉన్నది. చాలాకాలం అది గుంటూరు జిల్లాలో భాగంగా ఉండి, 2022 ఏప్రిల్ 4న వేరే జిల్లా అయింది. దాని ముఖ్యపట్టణం నరసరావుపేట. మీరు నరసరావుపేటలో పడమటికి పోయే బస్సెక్కారనుకోండి. మొదట మిరప చేలు, పత్తి చేలు కనిపిస్తాయి. పోనుపోను నేలలో రాయి ఎక్కువవుతుంది. ఇళ్ళ అరుగులకు నాపరాయి, దొడ్డి గోడలకు నాపరాయి. ఎటు చూసినా రాయే!

ఈ రాయి కథ భూతాల కథకన్న వింతగా ఉంటుంది. యాభై కోట్ల సంవత్సరాలకు పూర్వమే ఈ ప్రాంతమంతా లోతులేని సముద్రం. ఆ నీటిలోని సున్నం అడుగున పొరలు పొరలుగా పేరుకుని, మీద పడ్డ బరువుకు బిగిసి, సున్నపురాయి అయింది. పిడుగురాళ్ళలో ఆ రాయినే బట్టీలలో కాల్చి సున్నం తీస్తారు. మీకు నమ్మకం కలగకపోతే సున్నపురాయి పెచ్చును గీకి, ఆ పొడిమీద నిమ్మరసం పిండి చూడండి. బుసబుసమని నురగ వస్తుంది. అందులోనుంచి బయటికి వచ్చేది బొగ్గుపులుసు వాయువు.

మన దారిలో మొదటి మజిలీ కారెంపూడి. సుమారు 1180 ప్రాంతంలో పల్నాటి యుద్ధం ఇక్కడే జరిగింది. గురజాల ఏలిన నలగామరాజు ఒక పక్షం, మాచెర్ల ఏలిన మలిదేవరాజు ఒక పక్షం. నాగులేటి ఒడ్డున అన్నదమ్ములే ఒకరితో ఒకరు పోరాడారు. ఏటా కార్తీక అమావాస్యనాడు మొదలుపెట్టి అయిదు రోజులు ఇక్కడ వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క పేరు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడట. ఆ "చాపకూడు"ను ఈ ఉత్సవాలలో ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు.

ఆ వీరులు కొలిచిన తల్లి అంకాలమ్మ. ఇటువంటి గ్రామదేవతల రూపాలు మీరు చూసే ఉంటారు. పెద్ద పెద్ద కళ్ళు, బయటికి చాచిన నాలుక, చేతిలో కత్తి! ఊరికి కొత్తగా వచ్చినవాడు చూసి, "అబ్బో, ఇదేదో రాక్షసి!" అనుకోవచ్చు. ఆ ఊరి పిల్లలను అడగండి. "రాక్షసేమిటి? మా అమ్మ!" అంటారు. ఈ మాట బాగా గుర్తుంచుకోండి. దీనితో మనకు తరవాత పని ఉన్నది.

కారెంపూడి దాటి మాచెర్ల వైపు పోతే దుర్గి వస్తుంది. దుర్గి శిల్పులకు పేరుపడ్డ ఊరు. ఇక్కడి రాతి చెక్కడాలకు ప్రభుత్వం వారి భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. అంటే, వేరే ఊళ్ళో చేసిన బొమ్మను "దుర్గి బొమ్మ" అని చెప్పి అమ్మకూడదన్న మాట. ఉలి మీద సుత్తి పడే చప్పుడు వినండి. టక్, టక్, టక్! శిల్పి తొందరపడడు. బంకమట్టి బొమ్మకు ముక్కు విరిగితే మళ్ళీ అతికించవచ్చు. రాయిలోనుంచి ఒక్క పెచ్చు ఎక్కువ ఎగిరితే ఇక అంతే! నెల రోజుల పాటూ వృథా.

దేవుడి విగ్రహం వెనక చెక్కే తోరణం నడినెత్తిన ఏమున్నదో చూడండి. గుడ్లు ఉరిమి చూస్తూ, కోరలు బయటపెట్టి, సింహంలాంటి తల! చేతులు లేవు, కాళ్ళు లేవు, మొండెం లేదు. మీతో వచ్చిన తమ్ముడు మిమ్మల్ని తప్పక అడుగుతాడు: "అన్నయ్యా, దేవుడి నెత్తిమీద ఈ భూతమేమిటి?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు, దూరదేశంలో జరిగిన మరొక భూతాల కథ చెప్పాలి.

అమెరికాలో మోరిసన్ అనే ఆయనా, వీమ్స్ అనే ఆయనా ఉండేవారు. ఇద్దరూ మాటెల్ అనే గొప్ప బొమ్మల కంపెనీలో పెద్ద ఉద్యోగాలు చేసినవారే. వారు సొంతంగా కంపెనీ పెట్టి, "మాన్‌స్టర్ ఇన్ మై పాకెట్", అంటే "నా జేబులో భూతం" అనే పేరుతో చిట్టి చిట్టి బొమ్మలు తయారు చేయించారు. 1990 ప్రాంతంలో మాచ్‌బాక్స్ కంపెనీ వాటిని అమ్మింది. బొమ్మ వేలెడంత ఉంటుంది. మెత్తని ప్లాస్టిక్కు, ఒంటి నిండా ఒకటే రంగు. మొదటి జట్టులో 48 భూతాలు. ఒక్కొక్కదానికి 5 మొదలు 25 దాకా మార్కులు. ఎక్కువ మార్కుల భూతం దొరికినవాడు బడిలో దొరబాబు!

ఇటువంటి బొమ్మలను ఎలా చేస్తారంటే, మొదట ఉక్కుతో అచ్చు చేస్తారు. కరిగిన ప్లాస్టిక్కును గట్టి ఒత్తిడితో అందులోకి నెడతారు. చల్లారగానే అచ్చు తెరుచుకుని బొమ్మలు జలజలా రాలతాయి. దుర్గి శిల్పి కన్ను ఒకటి చెక్కేలోపల అక్కడ వందలు తయారు!

బొమ్మలు బాగా అమ్ముడుపోయాయి. 1991లో వాటిమీద బొమ్మల కథల పుస్తకాలు వచ్చాయి. 1992లో వీడియో ఆట వచ్చింది. ఇక మిగిలింది టెలివిజన్ కార్టూను. ఆ కంపెనీవారికి అలా తోచడంలో వింత లేదు. అంతకు పూర్వం మాటెల్ వారి "హీ-మాన్" బొమ్మలు ముందు అంగళ్ళలోకి వచ్చి, 1983లో టెలివిజన్ ఎక్కి, పిల్లలను ఉర్రూతలూపాయి. ఆ దారినే మనమూ పోదామనుకోవడం సహజం.

కాని కార్టూను తియ్యడం సామాన్యం కాదు. ఫిల్ములో సెకనుకు 24 చట్రాలు కదులుతాయి. 24 నిమిషాల కథకు ఎన్ని చట్రాలో లెక్క కట్టండి. 34,560! ఒకే బొమ్మను రెండు మూడు చట్రాలకు వాడుకున్నా, వేలకొద్దీ బొమ్మలు గియ్యక తప్పదు. అంత ఖర్చు పెట్టేముందు నమూనాకు ఒక్క భాగం మాత్రం తీస్తారు. దానిని "పైలట్" అంటారు. విమానం నడిపేవాడు కాదు సుమా! వంట చేసేటప్పుడు అమ్మ ఒక్క మెతుకు పట్టి చూస్తుందే, అలాంటిదన్న మాట. అది మెచ్చితే మిగతా భాగాలు తీస్తారు. మెచ్చకపోతే అక్కడితో సరి.

1992 అక్టోబరులో, అమెరికా పిల్లలు భూతాల వేషాలు వేసుకునే పండుగకు, "ది బిగ్ స్క్రీమ్" అనే పేరుతో ఆ పైలట్ టెలివిజన్‌లో వచ్చింది. పెద్ద పెద్ద భూతాలు చిట్టివైపోవడం, వాటిలో మంచివి ఒక పక్కా, చెడ్డవి ఒక పక్కా చేరి పోరాడడం అందులో కథ. ఆ ఒక్క భాగంతోనే కథ ఆగిపోయింది. రెండో భాగం రానేలేదు! జేబులో భూతాలు ఇప్పటికీ కొందరి అలమారలలో ఉన్నాయి. కాని వాటి కథ చెప్పమంటే చెప్పగలవారు బహు కొద్దిమంది.

ఇంకొక సంగతి వినండి. ఆ భూతాల జట్టులో గ్రీకుల ఒంటికన్ను రాక్షసుడున్నాడు, పాముల జుట్టు మెడూసా ఉన్నది, రష్యా మంత్రగత్తె బాబా యాగా ఉన్నది. బాగానే ఉన్నది. కాని వారితోపాటు కాళికాదేవిని కూడా భూతమని చేర్చారు! తరవాతి జట్టులో హనుమంతుణ్ణీ, వినాయకుణ్ణీ కూడా కలిపారు! బ్రిటనులో ఉన్న హిందువులు ఇది తప్పని అభ్యంతరం చెప్పారు. వారి బాధ మనకు తెలుసు. ఇంటిలో రోజూ దీపం పెట్టి కొలిచే దేవుడికి ఇన్ని మార్కులని చీటీ కట్టి "భూతం" అంటే ఎవరికి బాధ కలగదు?

అయితే అదే జట్టులో కోట్లిక్యూ అనే ఆమె కూడా ఉన్నది. పాములతో అల్లిన పావడా కట్టుకుంటుంది. బొమ్మ చూస్తే మీరు కూడా "అబ్బో, రాక్షసి!" అంటారు. కాని మెక్సికో దేశంలో పూర్వం అజ్‌టెక్కు జాతివారు ఆమెను దేవతలను కన్న తల్లిగా కొలిచారు. కారెంపూడిలో పిల్లలు చెప్పిన మాట గుర్తున్నదా? "రాక్షసేమిటి? మా అమ్మ!" పైకి కనిపించే కోరలనుబట్టి ఎవరినీ భూతమని అనకూడదు. ముందు వారి కథ వినాలి. కథ విన్న తరవాత కూడా భూతమే అనిపిస్తే అది వేరే సంగతి.

ఇప్పుడు మన దుర్గి భూతం కథ వినండి.

జలంధరుడనే రాక్షసరాజు మూడులోకాలూ జయించి, గర్వంతో కన్నుమిన్ను కానక, శివుడివద్దకు రాహువును రాయబారం పంపాడు. "నీ భార్య పార్వతిని నాకు ఇచ్చెయ్యి!" అన్నది ఆ రాయబారం. శివుడికి కోపం వచ్చింది. ఆయన కనుబొమల మధ్యనుంచి సింహం తలతో, ఎండు డొక్కలతో ఒక భయంకరాకారం దూకి, రాహువును మింగబోయింది. రాహువు వణికిపోతూ శివుడి కాళ్ళమీద పడ్డాడు. "నేను దూతను మాత్రమే, కాపాడు!" అన్నాడు. శివుడు కాపాడాడు.

అప్పుడా భూతం, "స్వామీ, నాకు ఆకలి! తిండికోసమే పుట్టాను. ఇప్పుడు నేను దేన్ని తినాలి?" అని అడిగింది.

"నీ చేతులూ, కాళ్ళూ నువ్వే తిను," అన్నాడు శివుడు.

భూతం ఎదురుమాట ఆడలేదు. చేతులు తిన్నది, కాళ్ళు తిన్నది, మొండెం తిన్నది. చివరకు తల మాత్రం మిగిలింది. శివుడికి దానిమీద ఎంతో దయ కలిగింది. "ఇక నీ పేరు కీర్తిముఖం. నా గుమ్మంమీద ఎల్లప్పుడూ ఉండు. నీకు నమస్కరించనివాడికి నా అనుగ్రహం ఉండదు," అన్నాడు.

చూశారా! తన ఆకలిని తానే తినగలిగినందుకు భూతం ద్వారపాలకుడయింది. ఆనాటినుంచి గుడి తోరణాలమీద కూర్చుని చెడ్డను లోపలికి రానివ్వకుండా కాస్తున్నది. దానికి మార్కులు లేవు. పని ఉన్నది, కథ ఉన్నది. అందుకే శిల్పి దాన్ని చెక్కుతూనే ఉన్నాడు, తాతలు కథ చెబుతూనే ఉన్నారు.

మన ప్రయాణం ఇంకా పూర్తికాలేదు. మాచెర్లలో చంద్రవంక ఒడ్డున చెన్నకేశవుణ్ణి చూసి, విజయపురి సౌత్ చేరి లాంచీ ఎక్కితే నాగార్జునకొండకు పోవచ్చు. పదిహేడు వందల ఏళ్ళనాడు అక్కడి లోయలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉండేది. నాగార్జునసాగరం కట్టేటప్పుడు లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు పురాతత్త్వశాఖవారు అక్కడ తవ్వకాలు జరిపారు. దొరికిన శిల్పాలను కొండమీదికి చేర్చారు. సాగరం నిండిన తరవాత ఆ కొండే దీవి అయింది. అక్కడ మ్యూజియం 1966లో ఆరంభమయింది.

ఆ మ్యూజియంలో పొడుగాటి రాతిపలకలు చూడండి. బుద్ధుడి కథలో ఒక ఘట్టం, మధ్యన స్తంభాలలో ఒక జంట, మళ్ళీ ఒక ఘట్టం. అచ్చంగా ఫిల్ము రీలే! ఫిల్ములో బొమ్మలు కదులుతాయి, మనం కూర్చుంటాం. ఇక్కడ బొమ్మలు నిలబడతాయి, మనం కదలాలి. ఈ రీలు కూడా మన పల్నాటి సున్నపురాయే.

ఇక్కడ కూడా భూతాలున్నాయి. బుద్ధుడి ధ్యానం చెరపడానికి వచ్చిన మారుడి సేన ఒకటి. మరొక రకం కూడా ఉన్నాయి. సిద్ధార్థుడు అర్ధరాత్రి కంథకమనే గుర్రమెక్కి ఇల్లు విడిచిపోయేటప్పుడు, డెక్కల చప్పుడుకు ఎవరూ మేలుకోకుండా పొట్టి యక్షులు అరచేతులతో డెక్కలను ఎత్తిపట్టారని కథ. మన ఆంధ్ర శిల్పులకు అది ఎంతో ఇష్టమైన ఘట్టం. గుండ్రని బొజ్జ, పొట్టి కాళ్ళు, అనాకారి రూపాలు. చేసేది మాత్రం ఎంత మెత్తని పని!

ఇంటికి వచ్చాక మీరు ఒక పని చెయ్యండి. బంకమట్టితో ఒక భూతాన్ని చెయ్యండి. కోరలు ఎంత పెద్దవైనా పెట్టండి, కళ్ళు ఎన్నయినా పెట్టండి. కాని దాని వీపున మార్కులు మాత్రం వెయ్యకండి. అది ఎవరి గుమ్మం కాస్తుందో, ఎవరికోసం డెక్కలు మోస్తుందో ముందు ఆలోచించండి. రాత్రి భోజనాలయ్యాక ఆ కథ మీ తమ్ముడికో, చెల్లాయికో చెప్పండి. కథ అయిపోగానే వాళ్ళు "తరవాత ఏమయింది?" అని అడిగారా, మీ పైలట్ గెలిచినట్టే!