హనుమాన్‌పేట మేడ మీద గది

చల్లపల్లికి కాస్త అవతల, మా ఊరి బడి పక్కనే మా నాన్నకి చిన్న కొట్టు ఉండేది. పలకలు, బలపాలు, నోటు పుస్తకాలు, సిరాబుడ్లు, వాటి పక్కనే ఉప్పు, చింతపండు, కిరసనాయిలు. బళ్లు తెరిచే ముందు ఒకసారి, సంక్రాంతి ముందు ఇంకోసారి సరుక్కి బెజవాడ వెళ్లేవాడు. సంచి మోసే వయసు వచ్చిందని మా అమ్మ తేల్చిన ఏడు నుంచీ నన్నూ వెంటేసుకుని వెళ్లడం మొదలుపెట్టాడు. డెబ్బైల నాటి మాట ఇది.

చల్లపల్లిలో బస్సెక్కితే కూచిపూడి, పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు. సంక్రాంతి రోజుల్లో అయితే ఉయ్యూరు ఇంకా రాకుండానే చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన బస్సులోకి వచ్చేసేది. ఫ్యాక్టరీ ముందు చెరకు బళ్లు బారులు తీరి ఉండేవి, ఎడ్లు తీరిగ్గా నెమరేసుకుంటూ నిలబడేవి, మా బస్సు వాటి మధ్యనుంచి దారి చేసుకుని పోయేసరికి అరగంట పట్టేది, ఆ అరగంట ఎవరూ విసుక్కునేవారు కాదు. జూన్‌లో వెళ్తే దారంతా వేరే. కాలవలు ఎండి అడుగు కనిపిస్తుండేది, చేలు నెర్రెలిచ్చి ఉండేవి, బస్సులో ఏ ఇద్దరు కలిసినా కాలవలకి నీళ్లెప్పుడు వదుల్తారన్న మాటే.

సరుకు వన్‌టౌన్‌లో. ఒక్క పూటలో తెమిలే పని కాదది. మొదటి రోజు కొట్టుకొట్టూ తిరిగి ధరలు తెలుసుకుని బేరం తెంచుకోవడం, మర్నాడు లెక్క చూసుకుని కట్టలు కట్టించి లారీ ఆఫీసులో వేయించడం. మార్కాపురం పలకలు కొనేటప్పుడు మాత్రం నాన్న ఎవర్నీ నమ్మేవాడు కాదు. గోతాం పరుచుకుని కూర్చుని, ఒక్కో పలకనీ ఎడమచేతి వేళ్ల మీద నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో మెల్లిగా కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. ఖంగుమంటే ఇటు, మొద్దుగా పలికితే అటు. కంటికి కనపడని బీట చెవికి దొరుకుతుందనేవాడు. కొట్టాయనకి తొందరగా ఉన్నా ఏమీ అనేవాడు కాదు. కాసేపటికి నా చేతికీ ఒక దొంతర ఇచ్చి, నేను అటు పెట్టినవి మళ్లీ తను కొట్టి చూసుకునేవాడు.

రాత్రికి మా మకాం స్టేషన్‌కి దగ్గర్లో, హనుమాన్‌పేట సందులో ఒక లాడ్జి. కింద సైకిల్ షాపు, పక్కనుంచి చెక్కమెట్లు, పైన వరండాకి రెండువైపులా గదులు. వన్‌టౌన్‌కి సరుక్కొచ్చే చిల్లర కొట్లవాళ్లు, పెద్దాసుపత్రిలో మనుషుల్ని చేర్చినవాళ్లు, పెళ్లిబట్టలకొచ్చినవాళ్లు, కోర్టు వాయిదాలవాళ్లు, అందరూ అక్కడే దిగేవారు. రోజు అద్దె రెండంకెలకి చేరేది కాదు. మేనేజరు గారికి మనుషుల పేర్లకంటే ఊళ్లే ముందు గుర్తొచ్చేవి. "రండి రండి చల్లపల్లివారూ, మీ వైపు వానలెలా ఉన్నాయి?" అంటూనే రిజిస్టరు తిప్పి ముందు పెట్టేవాడు. పేరు, ఊరు, వచ్చిన పని. నాన్న కళ్లజోడు పెట్టుకుని గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. తాళంచెవికి అరచెయ్యంత చెక్కముక్క కట్టి ఉండేది, దాని మీద నెంబరు కాల్చి వేసి ఉండేది. అది పట్టుకుని ముందు నేను మెట్లెక్కాలి.

గదంటే రెండు నవారు మంచాలు, గోడకి కనకదుర్గమ్మ క్యాలెండరు, కూజా, దాని మీద బోర్లించిన సత్తుగ్లాసు. నల్లులుండేవి. అందుకని నాన్న ముందుగా పరుపులు వరండాలోకి ఈడ్చి దులిపి, అమ్మ ఇచ్చిన దుప్పటి పరిచేవాడు. స్నానాల గది వరండా చివర, అందరికీ ఒకటే. తెల్లారకుండా లేస్తే కొళాయిలో ధార బాగుంటుంది, ఆలస్యమైతే వరస. ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర, మాగాయ పెరుగన్నం ఆ రాత్రికి. మర్నాడు పొద్దున మాత్రం గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్‌కి తీసుకెళ్లేవాడు. వేడి ఇడ్లీ మీద వెన్నముద్ద పెట్టి, పొడి చల్లి ఇచ్చేవారు. ఆ వెన్న కరిగి కారిపోకముందే ఎలా తినాలో నాన్నే నేర్పాడు.

ఊళ్లో నాన్న కూర్చుని ఉండగా నేను చూసింది చాలా తక్కువ. చీకటితోనే పాలికి తీసుకున్న ఎకరం చేలోకి, పొద్దెక్కితే కొట్లోకి, రాత్రి దీపం పెట్టాక అరువుల లెక్కలు. నాతో మాట్లాడితే ఏదో ఒక పని చెప్పడానికే. ఆ లాడ్జి గదిలో మాత్రం చీకటి పడ్డాక ఆయనకి చెయ్యడానికి ఏ పనీ ఉండేది కాదు. చొక్కా మేకుకి తగిలించి, డబ్బు సంచి తలగడ కింద పెట్టుకుని, నాచేత తలుపు గొళ్లెం వేయించి, కిటికీ పక్క మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చునేవాడు. స్టేషన్‌లో బొగ్గింజన్లు కూతలేస్తుంటే, "అది మద్రాసు వెళ్లే మెయిలు, ఇది జి.టి." అని చెప్పేవాడు. తన చిన్నప్పుడు మా తాత కాలవల్లో పడవ నడిపాడనీ, బెజవాడ నుంచి కొమ్మమూరు కాలవ, బకింగ్‌హాం కాలవ పట్టుకుని మద్రాసు దాకా పోవచ్చనీ, ఒకసారి తనూ పడవ మీద పడుకుని చీరాల దాటి వెళ్లాననీ చెప్పింది ఆ గదిలోనే. మద్రాసులో ఏం చూశావని అడిగితే చాలాసేపు ఆలోచించి, "మా నాన్న వండిన అన్నం తిన్నాను" అన్నాడు.

సాయంత్రం పని తొందరగా తెమిలితే ప్రకాశం బ్యారేజీ మీదికి నడిచేవాళ్లం. డెబ్బై గేట్లూ నాచేత లెక్కపెట్టించేవాడు, నేను మధ్యలో తప్పితే మళ్లీ మొదటినుంచి. 1855 నాటికి కట్టిన పాత ఆనకట్టకి 1952లో గండి పడిందన్న కబురు ఊరికి చేరిన రోజు ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదట. 1957 చివర్లో ఈ బ్యారేజీ తెరిచాక, తను పెళ్లయిన కొత్తలో, అమ్మకి చూపించడానికే ఒకసారి వచ్చాట్ట. "ఒరే అబ్బాయ్, మన చేలోకొచ్చే నీళ్లు ఇక్కణ్ణించే బయల్దేరతాయిరా" అనేవాడు. మనకంటే ముందే ఊరు చేరతాయా అంటే, "మనం బస్సులో పోతాం, అవి దారిలో అందర్నీ పలకరించి వస్తాయి" అని నవ్వేవాడు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. మా కొట్టు పైకప్పు ఎగిరిపోయింది. పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి, పలకలు కడిగి అమ్ముకున్నాం. మాకు దిగువనున్న ఊళ్ల సంగతి చెప్పేది కాదు. ఆ సంక్రాంతి ముందు సరుక్కి వెళ్తే, మేనేజరు గారు మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఏమీ అడక్కుండా కాఫీ తెప్పించి, పాత రిజిస్టర్లు మూడో నాలుగో బల్లమీద పెట్టి, పేజీ పేజీ తిప్పుతూ, దివిసీమ ఊరు కనపడిన చోటల్లా వేలు పెట్టి నాన్నని అడగడం మొదలుపెట్టాడు. నాగాయలంక కిరాణా ఆయన. "బాగానే ఉన్నాడండి, గోడ కూలింది." కోడూరు నుంచి కూతురి పెళ్లిబట్టలకొచ్చినాయన. "మనుషులున్నారు, గొడ్లు పోయాయి." పాలకాయతిప్ప, సొర్లగొంది పేర్లొచ్చినప్పుడు నాన్న తలొంచుకుని కాఫీగ్లాసు వేళ్లతో తిప్పుతూ ఉండిపోయేవాడు, మేనేజరు గారు ఇంక రెట్టించకుండా పక్క పేరుకి పోయేవాడు. మా చల్లపల్లి పేజీలు వచ్చేదాకా అలాగే సాగింది. ఆసారి అద్దె పుచ్చుకోనన్నాడు. నాన్న డబ్బులు రిజిస్టరు మధ్యలో పెట్టి మూసి వచ్చేశాడు.

తర్వాత బస్సులు పెరిగాయి, రోడ్లు బాగుపడ్డాయి. నేను ఉద్యోగానికి వెళ్లిపోయాక, 1990లో పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ వచ్చేనాటికి, పొద్దున్నే వెళ్లి సరుకు చూసుకుని రాత్రి అన్నాల వేళకి ఇల్లు చేరే వీలు వచ్చింది. మా ఊరి కొట్లవాళ్లందరూ అలాగే చేసేవారు. నాన్న మాత్రం, నేను సెలవుల్లో వచ్చి తోడు వెళ్లినప్పుడల్లా, పలకలు కొట్టి చూడ్డం సగంలో ఆపేసి, "మిగతావి పొద్దున చూద్దాం లేరా, ఇప్పుడేం తొందర" అనేవాడు. ఆఖరి బస్సుకి ఇంకా బోలెడు టైముండేది.